చిరిగిన రేకును చదవడం వచ్చా?

వంటింట్లోకి వెళ్లి ఒక స్టీలు గ్లాసు తీసుకోండి. లోపలా బయటా వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా అతుకు తగిలిందా? తగలదు. వెల్డింగ్ లేదు, రివెట్ లేదు, మడత లేదు. ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు మాత్రం అది బల్లపరుపు రేకు. అందులోంచి గుండ్రంగా కోసిన బిళ్ల చిరగకుండా, ముడత పడకుండా గ్లాసు ఎలా అయింది?

మెకానికల్ లేదా ప్రొడక్షన్ చదివి కోర్ ఉద్యోగం కోసం తిరుగుతున్నారా? అయితే ఇంటర్వ్యూలో మీకు ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. ‘డీప్ డ్రాయింగ్ సార్’ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. బాగానే ఉంది. అప్పుడు బోర్డులో ఒకరు చిరిగిపోయిన కప్పు తీసి మీ ముందు పెట్టి, ‘ఇదెందుకు ఇలా అయింది?’ అని అడిగితే? మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెబుతారు. మీకూ పక్కవారికీ తేడా తెలిసేది రెండో ప్రశ్న దగ్గరే. అదృష్టం ఏంటంటే, దానికి జవాబు నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక సెమిస్టర్ పాఠాన్ని శ్రద్ధగా చదివి, నాలుగు చెడిపోయిన కప్పులను చేత్తో పట్టుకుని చూస్తే చాలు.

దొన్నె కుట్టినవారికి తెలిసిన సంగతి

ఇక్కడ డ్రాయింగ్ అంటే బొమ్మ గీయడం కాదు, లాగడం. బిళ్లను లోపలికి లాగి గిన్నె చేయడమే ఈ ప్రక్రియ.

ఆకుతో దొన్నె కుట్టడం చూశారా? గుండ్రటి ఆకు అంచులను పైకి లేపగానే చుట్టూ ఆకు ఎక్కువైపోతుంది. ఆ ఎక్కువైన భాగాన్ని మడతలు పెట్టి పుల్ల గుచ్చుతారు. రేకుకూ ఇదే సమస్య. 200 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల చుట్టుకొలత సుమారు 628 మిల్లీమీటర్లు. దాంతో 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కప్పు చేస్తే దాని మూతి చుట్టుకొలత 314 మాత్రమే. అంటే సగం చుట్టుకొలత ఎక్కడికో పోవాలి. దొన్నెలో అది మడతల్లోకి పోయింది. రేకులో మడత పడితే సరుకు తుక్కులోకే. అందుకే లోహం పక్కల నుంచి నొక్కుకుంటూ ఎత్తులోకి ప్రవహించాలి. మూతి దగ్గర కాస్త మందం కూడా అవుతుంది.

ఈ పని చేయించేవి మూడు భాగాలు. కింద రంధ్రం ఉన్న డై. పైనుంచి దిగే పంచ్. బిళ్ల అంచు పైకి లేవకుండా అదిమి పట్టే బ్లాంక్ హోల్డర్. పంచ్ దిగుతుంటే బిళ్ల అంచు భాగం డై నోటి వంపు మీదుగా లోపలికి జారి కప్పు గోడగా మారుతుంది.

చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. ‘రేకును రబ్బరులా సాగదీస్తారు’ అని రాసేస్తారు. కాదు. సాగదీయడం వేరే ప్రక్రియ, దాని పేరు స్ట్రెచింగ్. అందులో అంచును కదలకుండా బిగిస్తారు. డీప్ డ్రాయింగ్‌లో అంచును జారనిస్తారు. బిళ్ల వైశాల్యం, కప్పు వైశాల్యం దాదాపు సమానంగా ఉంటాయి. లెక్కలన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడతాయి.

కాగితం మీద ఒకసారి చేసి చూడండి

కప్పు వ్యాసం 100, ఎత్తు 75 మిల్లీమీటర్లు. ఎంత బిళ్ల కావాలి? వ్యాసాన్ని వర్గం చేయండి: 10,000. వ్యాసాన్ని, ఎత్తును, 4ను గుణించండి: 30,000. రెండూ కలిపితే 40,000. వర్గమూలం 200. అంటే 200 మిల్లీమీటర్ల బిళ్ల కావాలి. అసలు పనిలో మూల వంపును లెక్కలోకి తీసుకుంటారు, మూతి కత్తిరించడానికి కొంచెం ఎక్కువ ఉంచుతారు.

బిళ్ల వ్యాసాన్ని కప్పు వ్యాసంతో భాగిస్తే వచ్చేది డ్రా నిష్పత్తి. ఇక్కడ 2. మంచి డ్రాయింగ్ స్టీలు ఒక్క దెబ్బలో తట్టుకునే హద్దు కూడా సుమారుగా ఇదే. ఎందుకు రెండే? దీన్ని తాడు లాగుడు పోటీలా ఊహించుకోండి. ఒక వైపు లోపలికి రానని మొరాయించే అంచు, రెండో వైపు దాన్ని లాగుతున్న కప్పు గోడ. బిళ్ల పెద్దదయ్యే కొద్దీ అంచు మొరాయింపు పెరుగుతుంది. గోడ బలం మాత్రం కప్పు వ్యాసం, రేకు మందం ఎంతో అంతే. పోటీలో గోడ ఓడిన చోట చిరుగు వస్తుంది. ఘర్షణే లేకపోతే సిద్ధాంతం ప్రకారం నిష్పత్తి 2.7 దాకా వెళ్లవచ్చు. ఘర్షణ, డై నోటి దగ్గర వంగడానికి పట్టే బలం కలిసి దాన్ని 2 దగ్గరికి దించుతాయి.

ఇప్పుడు అదే కప్పు ఎత్తు 200 అనుకోండి. లెక్క చేస్తే బిళ్ల 300 వస్తుంది, నిష్పత్తి 3. ఒక్క డ్రాలో కుదరదు. మొదటి డ్రాలో 40-45 శాతం వరకు, రెండోదాంట్లో 25-30 శాతం, మూడోదాంట్లో ఇంకా తక్కువ తగ్గిస్తారు. 300 నుంచి 165, అక్కడి నుంచి 120, చివరికి 100. మూడు డ్రాలు, మూడు జతల పంచ్, డైలు. ప్రతి డ్రాలో లోహం గట్టిపడుతుంది కాబట్టి అవసరమైతే మధ్యలో కొలిమిలో పెట్టి మెత్తబరుస్తారు. దాన్నే ఎనీలింగ్ అంటారు.

బలం లెక్క కూడా కష్టం కాదు. కప్పు చుట్టుకొలతను రేకు మందంతో, లోహం అల్టిమేట్ టెన్సైల్ స్ట్రెంత్‌తో గుణించండి. డ్రా నిష్పత్తిలోంచి 0.7 తీసేసి, మిగిలినదాంతో మళ్లీ గుణించండి. మన మొదటి కప్పుకు రేకు మందం 1 మిల్లీమీటరు, బలం 300 మెగాపాస్కల్ అనుకుంటే 122 కిలోన్యూటన్లు దాటుతుంది. అంటే సుమారు పన్నెండున్నర టన్నులు. బ్లాంక్ హోల్డర్‌కు అందులో మూడో వంతు వేసుకోవడం ఒక మోటు లెక్క. ఒక గ్లాసంత కప్పు కోసం ఇంత బలమా అనిపిస్తుంది కదూ! ప్రెస్సు ఎన్ని టన్నులదో ముందు ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గేట్ మెకానికల్ సిలబస్‌లో డీప్ డ్రాయింగ్ బలం అంచనా ఉంది. బిళ్ల వ్యాసం, డ్రాల సంఖ్య మీద లెక్కలు సాధన చేయడం వృథా కాదు.

తప్పు ఎక్కడుందో కప్పే చెబుతుంది

ఇక ఆ రెండో ప్రశ్నకు వద్దాం. చెడిపోయిన కప్పును తుక్కు బుట్టలో వేసేముందు చదవాలి. ఏ మచ్చ దేనికి గుర్తు?

• అంచు మీద ముడతలు: బ్లాంక్ హోల్డర్ సరిగా అదమడం లేదు. దొన్నె మడత ఇక్కడ కనిపించిందన్నమాట.

• అడుగు మూలకు కాస్త పైన చిరుగు: రేకు అత్యంత పలచబడేది ఇక్కడే. బ్లాంక్ హోల్డర్ మరీ గట్టిగా పట్టి ఉండొచ్చు. డై నోటి వంపు మరీ పదునుగా ఉండొచ్చు. సాధారణంగా ఆ వంపు రేకు మందానికి 5 నుంచి 10 రెట్లు ఉంచుతారు. పంచ్ మూల పదునుగా ఉన్నా, నూనె సరిపోకపోయినా, డ్రా నిష్పత్తి హద్దు దాటినా ఇదే ఫలితం.

• మూతి చుట్టూ చెవులు: కప్పు మూతి సమంగా లేకుండా సాధారణంగా నాలుగు చోట్ల ఎత్తుగా లేస్తుంది. ఇది ఆపరేటర్ తప్పు కాదు. రేకును రోలింగ్ చేసిన దిశలో ఒక గుణం, అడ్డంగా మరో గుణం ఉండటం వల్ల వస్తుంది. దీన్నే ప్లానార్ ఎనిసోట్రోపీ అంటారు.

• ఒకే వైపు ఎత్తు: చెవులతో కలిపేయకండి. బిళ్ల మధ్యలో కూర్చోలేదు, లేదా పంచ్, డై ఒకే గీతలో లేవు.

• గోడ మీద నిలువు గీతలు: డై పాలిష్ పోయింది, లేదా నూనె పొర తెగి లోహం డైకి అంటుకుంటోంది.

• నారింజ తొక్కలాంటి గరుకు: రేకులో గ్రెయిన్ సైజు పెద్దగా ఉంది. సరఫరా చేసినవారితో మాట్లాడాల్సిన విషయం.

నూనె గురించి అడిగితే ‘అంతటా పూయాలి’ అని తొందరపడకండి. డై వైపు, బ్లాంక్ హోల్డర్ కింద ఘర్షణ తగ్గాలి, నిజమే. కానీ పంచ్‌కూ రేకుకూ మధ్య కొంత ఘర్షణ మేలు చేస్తుంది. బలహీనమైన ఆ అడుగు మూలను పంచ్ పట్టుకుని ఉంటే భారం కొంత అది మోస్తుంది. ఈ ఒక్క మాట చెబితే మీరు పుస్తకం బట్టీ పట్టలేదని ఎదుటివారికి తెలిసిపోతుంది.

ఇంకో ప్రశ్న చూడండి. ‘ఉదయం బాగా వచ్చిన కప్పులు మధ్యాహ్నం నుంచి చిరుగుతున్నాయి. ఏం చేస్తావు?’ వెంటనే ప్రెషర్ తగ్గిస్తానని చెప్పకండి. మధ్యాహ్నం ఏం మారిందని ముందు అడగండి. కొత్త కాయిల్ ఎక్కించారా? అయితే దాని టెస్ట్ సర్టిఫికెట్, మందం చూడాలి. నూనె డ్రమ్ము మారిందా? బ్లాంక్ హోల్డర్ ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోంది? డై నోటి దగ్గర లోహం అంటుకుందా? ఒక్కోటీ విడిగా మార్చి, ప్రతిసారీ కప్పు తీసి చూడాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే కప్పు బాగుపడొచ్చు, కారణం మాత్రం దొరకదు. రేపు మళ్లీ అదే సమస్య వస్తుంది.

ఏ రేకు తీసుకోవాలి?

అన్ని స్టీళ్లూ ఒకేలా లాగించుకోవు. భారత ప్రమాణం ఐఎస్ 513లో కోల్డ్ రోల్డ్ రేకులకు గ్రేడ్లున్నాయి. షాపుల్లో వాటిని ఇప్పటికీ పాత పేర్లతోనే పిలుస్తుంటారు: డి అంటే డ్రాయింగ్, డీడీ అంటే డీప్ డ్రాయింగ్, ఈడీడీ అంటే ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్. ఇంకా లోతుగా లాగాలంటే ఐఎఫ్ స్టీలు తీసుకుంటారు.

సర్టిఫికెట్‌లో రెండు అంకెలు వెతకండి. ఒకటి ఆర్ విలువ. లాగినప్పుడు రేకు మందంలో పలచబడకుండా వెడల్పులో ఎంత తగ్గుతుందో ఇది చెబుతుంది. ఒకటి దాటి ఎంత ఎక్కువుంటే లోతు డ్రాకు అంత మంచిది. అల్యూమినియం రేకుల్లో ఇది తరచూ ఒకటి లోపే ఉంటుంది. రెండోది ఎన్ విలువ. సాగే కొద్దీ లోహం ఎంతగా గట్టిపడుతుందో, సాగుడును చుట్టుపక్కలకు ఎంత పంచుతుందో చెప్పేది ఇదే.

మన వంటింట్లోనే ఉన్న బాధ్యత

గ్లాసు చిరిగితే పోయేది కొంత సొమ్ము. వంటగ్యాస్ సిలిండర్ సంగతి వేరు. 14.2 కిలోల సిలిండర్‌ను ఈసారి జాగ్రత్తగా గమనించండి. నడుము చుట్టూ ఒక వెల్డింగ్ గీత ఉంటుంది. పై సగం, కింద సగం రెండూ వేర్వేరుగా డీప్ డ్రాయింగ్‌లో తీసిన లోతు గిన్నెలు. వాటిని నోటికి నోరు కలిపి వెల్డింగ్ చేస్తారు. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్, నీటి ఒత్తిడి పరీక్ష ఉంటాయి. రేకుకు ఐఎస్ 6240, సిలిండర్‌కు ఐఎస్ 3196 ప్రమాణాలు.

ఆ గిన్నె వంపు దగ్గర రేకు ఎంత పలచబడిందో ఎవరో కొలవాలి. హద్దుకన్నా తగ్గితే పక్కన పెట్టాలి. టార్గెట్ ఒత్తిడిలో ‘పర్లేదులే’ అని వదిలేస్తే ఆ సిలిండర్ ఎవరింట్లోనో అమ్మ పక్కన నిలబడుతుంది. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ సంతకం విలువ అది. ఈ పనిని చిన్న పని అనుకోకండి.

కొలువులు ఎక్కడ?

కారు డోర్ లోపలి ప్యానెల్, ఇంధన ట్యాంకు, ఆయిల్ పాన్, వంటింటి సింకు, ప్రెషర్ కుక్కర్, గుండ్రటి లిథియం బ్యాటరీ సెల్ స్టీలు డబ్బా... అన్నిటి వెనకా ఈ ప్రక్రియే. పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా ప్లాంటులో సొంత ప్రెస్ షాపు ఉంది. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో చిన్న ప్రెస్ షాపులు, టూల్ రూములు ఉన్నాయి. కాస్త దూరం వెళ్లగలిగితే చెన్నై శివార్లు, హోసూరు, పుణె దగ్గర చాకన్ వాహన విడిభాగాలకు పెద్ద కేంద్రాలు.

• ఐటీఐ: టూల్ అండ్ డై మేకర్ (ప్రెస్ టూల్స్, జిగ్స్ అండ్ ఫిక్చర్స్), ఫిట్టర్ రెండేళ్ల ట్రేడ్లు. ప్రెస్ ఆపరేటర్, డై సెట్టర్, టూల్ మేకర్‌గా ఎదగొచ్చు.

• డిప్లొమా: ప్రొడక్షన్ సూపర్‌వైజర్, క్వాలిటీ, డై మెయింటెనెన్స్.

• బీటెక్: టూల్ డిజైన్, ప్రాసెస్ ప్లానింగ్, ఫార్మింగ్ సిమ్యులేషన్. క్యాటియా, ఎన్‌ఎక్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లతో పాటు ఆటోఫార్మ్, ఎల్ఎస్ డైనా లాంటివి ఉపయోగపడతాయి. అయితే తెర మీద ఎర్రగా కనిపించిన చోట ఎందుకు చిరుగుతుందో తెలియకపోతే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాపాడదు.

టూల్ డిజైన్‌కే ప్రత్యేకంగా ఒక సంస్థ మన దగ్గరే ఉంది. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఏర్పాటైంది. పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్షతో చేరే నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా దీని ప్రత్యేకత. మీ తమ్ముడో చెల్లో పదో తరగతిలో ఉంటే చెప్పండి. ఇంజినీరింగ్ పూర్తయినవారికి పీజీ స్థాయి కోర్సులు, స్వల్పకాలిక శిక్షణలు ఉన్నాయి. వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. డిప్లొమా, బీటెక్ పూర్తయినవారు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దొరికే అవకాశం ఉంది. ఐటీఐ వారికి అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ ఉంది.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మొదట్లో జీతం మీ సాఫ్ట్‌వేర్ మిత్రుడి జీతంతో పోటీ పడకపోవచ్చు. షిఫ్టులుంటాయి, చప్పుడుంటుంది, చేతులకు నూనె అంటుకుంటుంది. డై సెట్టింగ్ చేతికొచ్చాక మాత్రం మీ విలువ మారుతుంది. ఆగిపోయిన ప్రెస్సును మళ్లీ నడిపించగలిగినవారిని వదులుకోవడానికి ఏ యజమానీ ఇష్టపడడు.

ఈ నెలలోనే ఇలా మొదలుపెట్టండి

• ఇంట్లో వాడని పాత స్టీలు గ్లాసు ఒకటి కాలేజీ వర్క్‌షాపుకు తీసుకెళ్లి, ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండగా నిలువుగా కోయించండి. అంచులు పదును, జాగ్రత్త. అడుగు, మూల, గోడ మధ్య, మూతి దగ్గర మైక్రోమీటర్‌తో మందం కొలిచి గ్రాఫ్ గీయండి. అడుగు మూల దగ్గర పలచబడటం సాధారణంగా కనిపిస్తుంది. కనిపించకపోతే ఎందుకో ఆలోచించండి. గోడను తర్వాత ఐరనింగ్‌తో పలచన చేసి ఉండొచ్చు.

• ల్యాబ్‌లో ఎరిక్సన్ కప్పింగ్ పరీక్ష యంత్రం ఉంటే రెండు రకాల రేకులు పోల్చండి. ఇది ప్రధానంగా సాగుడును కొలిచే పరీక్ష. లోతు డ్రా కోసం స్విఫ్ట్ కప్ పరీక్ష వేరే ఉందని గుర్తుంచుకోండి.

• మినీ ప్రాజెక్టు కావాలా? బిళ్ల మీద చిన్న వృత్తాలు అచ్చు వేసి కప్పు తీయండి. వృత్తాలు ఎక్కడ ఏ దిశలో సాగాయో కొలవండి. 1960ల్లో కీలర్, గుడ్విన్ రూపమిచ్చిన ఫార్మింగ్ లిమిట్ డయాగ్రామ్ వెనక ఉన్నది ఈ పద్ధతే.

• దగ్గర్లోని టూల్ రూముకు వెళ్లి, ‘అన్నా, చెడిపోయిన పీసులు ఒకసారి చూడొచ్చా?’ అని అడగండి. మంచి పీసులు చూపించమని అందరూ అడుగుతారు. చెడినవి అడిగితే మేస్త్రీ కూర్చోబెట్టి చెబుతాడు.

మీరూ ఒక ప్రశ్న అడగండి

ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అంటారు. అప్పుడు ఇది అడగండి: ‘ప్రెస్సులకు టూ హ్యాండ్ కంట్రోల్, లైట్ కర్టెన్ ఉన్నాయా సార్?’ రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్సు దిగేలా చేసేది మొదటిది. చెయ్యి అడ్డొస్తే ఆపేసేది రెండోది. ప్రెస్ షాపుల్లో వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఉత్పత్తి వేగం కోసం ఒక బటన్‌కు టేపు చుట్టి పనిచేయించే చోట జీతం ఎంతైనా చేరకండి. చేరాక మీరే సూపర్‌వైజర్ అయితే ఆ టేపు తీయించడం మీ మొదటి పని. డై సర్దేటప్పుడు పవర్ ఆపి, తాళం వేసి, సేఫ్టీ బ్లాక్ పెట్టాకే చెయ్యి లోపల పెట్టాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఫైలులో సర్టిఫికెట్లతో పాటు మీరు గీసిన ఆ మందం గ్రాఫ్ కూడా పెట్టుకోండి. సగానికి కోసిన గ్లాసు అంచులు అరగదీసి సంచిలో వేసుకోండి. బోర్డు చిరిగిన కప్పు తీసి మీ ముందు పెడితే, మీరూ మీ సగం గ్లాసు తీసి పక్కన పెట్టి మొదలుపెట్టొచ్చు: ‘సార్, ముందు ఇక్కడ మందం చూడండి...’